గాలికొండ దాకా తడుద్దాం

బొడ్డవరలో ఈ టీకొట్టు ముందు సైకిల్ ఆనించండి. పొద్దున ఆరున్నర. శృంగవరపుకోట దాకా సైకిళ్లను కారు వెనక కట్టుకొచ్చి, అక్కణ్ణుంచి ఈ కాస్త దూరమే తొక్కాం. ఒళ్లింకా వేడెక్కలేదు. ఎదురుగా అనంతగిరి కొండలుండాలి. అవి కనిపించాల్సిన చోట బూడిదరంగు మబ్బు నేల దాకా దిగి కూర్చుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం, నిన్నటి నుంచి ముసురు. గట్టిగా కురవదు, పూర్తిగా ఆగదు.

టీ పోస్తున్న ఆమె మన హెల్మెట్ల వంకా, సన్నటి టైర్ల వంకా చూసింది.

“ఈ ముసుర్లో కొండెక్కుతారేటి బాబూ? అరకు బస్సు వచ్చేస్తాది కదా.”

“ఈ వానకోట్లు ఎలా పనిచేస్తాయో చూద్దామనమ్మా.”

“వానకోటు చూడ్డానికి కొండెక్కాలా!” అని నవ్వి, అల్లం కాస్త ఎక్కువే దంచి వేసింది.

ఎక్కాలి. సైకిల్ మీద వేసుకునే వాటర్‌ప్రూఫ్ జాకెట్‌ను ఏసీ షాపులో, అద్దం ముందు నిలబడి కొంటే ఏమీ తెలియదు. అక్కడ వాన లేదు, చెమట లేదు, గాలి లేదు. ఈ ఘాట్‌లో మూడూ ఉన్నాయి, అదీ ఒక్క పూటలోనే. సముద్రమట్టానికి కాస్త పైనున్న ఈ పల్లం నుంచి గాలికొండ దాకా రోడ్డు సుమారు వెయ్యి మీటర్లు పైకెక్కుతుంది. వెయ్యి మీటర్లకు ఐదారు డిగ్రీల వేడి తగ్గుతుంది. కింద ఉక్క, పైన చలి, మధ్యలో ఆవిరి.

మీ సంచిలో రెండు జాకెట్లున్నాయి. ఒకటి హైదరాబాదు మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్నది: మూడు పొరల బట్ట, విదేశీ సరుకు, ధర పన్నెండు వేల పైమాట. రెండోది విశాఖలో స్పోర్ట్స్ షాపులో కొన్న పల్చటిది. మడిస్తే పిడికిట్లో ఇముడుతుంది, దాని ధర మొదటిదాంట్లో ఐదో వంతు. ముందు ఖరీదైనదే తొడగండి. జిప్పు గడ్డం దాకా లాగండి. ఇప్పుడు నిటారుగా నిలబడకుండా సైకిలెక్కి, హ్యాండిల్ మీదికి వంగండి. చేతులు ముందుకు చాచండి. మణికట్టు బయటపడిందా? నడుము వెనక చొక్కా కనిపిస్తోందా? పడలేదు, కనిపించడం లేదు. సైకిల్ కోసమే కత్తిరించిన జాకెట్‌కు చేతులు పొడుగు, వీపు వైపు అంచు కిందికి దిగి ఉంటుంది, ముందువైపు పొట్టి. మోటారుసైకిల్ రెయిన్‌కోటు, ట్రెక్కింగ్ జాకెట్ ఇలా వంగితే వెనక్కి లాక్కుపోతాయి. పొట్ట దగ్గర బట్ట సంచిలా వేలాడి, అందులో నీళ్లు నిలుస్తాయి. షాపులో అడగడానికి మొహమాటపడకుండా చేసి చూడాల్సిన మొదటి పరీక్ష ఇది. కుర్చీ మీద కూర్చుని వంగినా చాలు.

రెండో పని, లోపలి వైపు తిప్పి చూడటం. కుట్టు వేసిన ప్రతిచోటా సూది చేసిన బెజ్జాలుంటాయి. ఆ కుట్ల మీద లోపలినుంచి టేపు అంటించి ఉంటేనే అది వాన ఆపేది. బట్ట ఎంత గొప్పదైనా టేపు లేకపోతే భుజాల దగ్గర అరగంటలో తడి దిగుతుంది. లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లని ఉంటుంది చూడండి. ఆ బట్ట మీద పది మీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా నీరు ఇవతలికి రాదని దానర్థం. ఆకాశం నుంచి పడే చినుకుకి అంత ఒత్తిడి ఎక్కడిది? అది కావలసింది వీపుసంచి పట్టీలు నొక్కే చోట, ఎదురుగాలి చినుకుని కొట్టే చోట. ఈ కొండలకు ఐదువేలున్నా నడుస్తుంది. ఇరవైవేలని రాసినదానికి రెట్టింపు డబ్బు పెట్టడం నా మటుకు దండగ.

టీ అయిపోయింది. పదండి.

మొదటి రెండు మలుపులు హాయిగా ఉంటాయి. చినుకులు జాకెట్ మీద ముత్యాల్లా నిలిచి జారిపోతున్నాయి. రోడ్డు పక్కన ఎర్రనీళ్లు గలగలా దిగుతున్నాయి. పనసచెట్లు, వెదురు పొదలు, వాటి మీద ఎక్కడో కాశీపట్నం వైపునుంచి తేలివచ్చే పొగ. రైలు కూత వినిపించిందా? కొత్తవలస–కిరండూల్ లైను. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం అరవైల్లో ఈ కొండలు తొలిచి వేశారు, యాభై ఎనిమిది సొరంగాలు. బండికి కొండలోంచే దారి. మనకి కొండ చుట్టూ తిరగడమే.

మూడో మలుపు దాటాక ఊపిరి చప్పుడు మీకే వినిపించడం మొదలవుతుంది. ఐదో మలుపుకి మెడ దగ్గర తడి. వాన దిగిందా? కాలర్ బిగించే ఉంది. వేలు లోపల పెట్టి చూడండి, వెచ్చగా ఉంది. వాన వెచ్చగా ఉండదు. ఇంకో కిలోమీటరు పోయాక మోచేతి వంపులో నీళ్లు నిలిచాయి, చెయ్యి దించితే మణికట్టు దగ్గర ధార. పన్నెండు వేల జాకెట్‌లో మీరు ఉడుకుతున్నారు.

ఆగండి, ఆ మైలురాయి పక్కన. తప్పు జాకెట్‌దని తొందరపడి అనకండి. లెక్క చూద్దాం. ఎక్కుడులో మన ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో సైకిల్‌ను నడిపేది నాలుగో వంతుకి మించదు, మిగతాదంతా వేడే. ఆ వేడిని దించుకోడానికి గంటకు లీటరు దాకా చెమట పోస్తుంది. ఈ జాకెట్ లేబుల్ మీద నీటి స్తంభం అంకె పక్కన ఇంకో 10,000 ఉంది, గ్రాముల్లో. ఒక చదరపు మీటరు బట్టలోంచి ఇరవైనాలుగు గంటల్లో బయటికి పోగల ఆవిరి అది. గంటకు భాగిస్తే నాలుగు వందల పైచిలుకు గ్రాములు. మన నడుము పైభాగాన్ని కప్పే బట్ట ఇంచుమించు ఒక చదరపు మీటరు. అంటే ప్రయోగశాలలో అన్నీ అనుకూలించినప్పుడు కూడా గంటకు అరలీటరు లోపే బయటపడుతుంది. మిగతా అరలీటరు ఇదిగో, మీ మోచేతి వంపులో ఉంది.

పైగా ఇది ప్రయోగశాల కాదు. ఆవిరి బయటికి పోవాలంటే లోపల ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ ఉండాలి. చర్మం దగ్గర 34 డిగ్రీల వేడిలో నీటి ఆవిరి ఒత్తిడి దాదాపు 53 మిల్లీబార్ల దాకా చేరుతుంది. ఎనిమిది డిగ్రీల లండన్ చినుకుల్లో బయట అది 11 మాత్రమే. తేడా 42. ఆ తోపుడుకి ఆవిరి పరుగున పోతుంది. ఇక్కడ గాలి 24 డిగ్రీలు, తేమ నూటికి నూరు. బయటి ఒత్తిడే 30. తేడా 23, అంటే దాదాపు సగం. యూరప్ వాళ్లు తొడిగి మెచ్చుకున్న జాకెట్ అనంతగిరి శ్రావణంలో సగం పనే చేస్తుంది. ఇంటర్నెట్టు సమీక్షల్లో నాకు నచ్చని సంగతి ఇదే. రాసినవాడు ఏ ఊరి వానలో తడిశాడో చెప్పడు.

జాకెట్ విప్పి సంచిలో పెట్టండి. నిజంగానే. వాన ఒంటి మీద పడనివ్వండి.

చూశారా, ప్రాణం లేచొచ్చింది. ఎక్కుడులో ఒళ్లే కొలిమి. తడిసినా చలి వెయ్యదు. జెర్సీ వీపుకి అంటుకుంది, అంటుకోనివ్వండి. నీరు తాగని పల్చటి సింథటిక్ జెర్సీ అయితే తడి త్వరగా పోతుంది. కాటన్ టీషర్టుతో మాత్రం రాకండి, తాగిన నీటిని సాయంత్రం దాకా మొయ్యాలి.

టైడా దాటుతుంటే మబ్బు మనల్ని మింగేస్తుంది. డముకు వ్యూపాయింట్ దగ్గర ఆగితే లోయ కనిపించదు, రెయిలింగ్ అవతల తెల్లటి గోడ ఉంటుంది. వెనకనుంచి హారన్. ఆర్టీసీ బస్సు హెడ్‌లైట్లు రెండు పసుపు మరకల్లా వచ్చి, పక్కనుంచి పోతూ మోకాళ్ల దాకా ఎర్రనీళ్లు జల్లి, మళ్లీ మాయం. డ్రైవరు మిమ్మల్ని ఎంత దూరం నుంచి చూశాడంటారు? మీరు వేసుకున్న నిమ్మపండు రంగు జెర్సీని కాస్త ముందే చూశాడు, నా నల్ల జెర్సీని ఆఖరి క్షణాన చూశాడు. షాపుల్లో నల్ల జాకెట్లే ఎక్కువ అమ్ముడుపోతాయట, మాసిపోవని. ఈ ఘాట్‌లో నల్లది వద్దు. మెరిసే పసుపు, నారింజ రంగులు మబ్బు పట్టిన పగటిపూట బాగా పనిచేస్తాయి. కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను తీసుకుని కనపడే వెలుగుగా తిప్పి ఇవ్వడం వాటి గుణం. చీకటి పడితే ఆ గుణం పోతుంది. అప్పుడు హెడ్‌లైటు వెలుగును తిరిగి డ్రైవరు కంట్లోకే పంపే వెండిరంగు పట్టీలు కావాలి. జాకెట్‌కు రెండూ ఉండాలి, పట్టీలు వీపు కింది భాగంలో ఉండాలి. భుజం మీద ఉంటే సంచి కప్పేస్తుంది.

ఇంకో సంగతి. మీ ప్యాంటు వెనక భాగం చూసుకోండి. బురద గీత నడుము దాకా లేచింది. ఆకాశం ఇచ్చిన తడి కన్నా వెనక చక్రం ఇచ్చిన తడే ఎక్కువ. ఎదురుగా పాత సైకిలు మీద పాలక్యాన్లు తగిలించుకుని దిగివస్తున్న పెద్దాయన్ని చూడండి. రెండు చక్రాలకూ ఇనుప మడ్‌గార్డులు, పంచె మీద ఒక్క మరక లేదు. వేలకు వేలు జాకెట్ మీద పోసేముందు మడ్‌గార్డులకు కొన్ని వందలు పెట్టడం తెలివైన పని.

అనంతగిరిలో కాఫీ తాగుదాం. రోడ్డు కిందికి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొంగులో చికెన్ కాల్చే కుర్రాడు మన సంచి మీద ఆరేసిన జాకెట్‌ని చేత్తో పట్టి చూశాడు.

“రేటెంతన్నా?”

“పన్నెండు వేలు దాటింది.”

“మరి మొత్తం తడిసిపోయారే!”

దీనికి జవాబు చెప్పాలంటే రెండు వందల ఏళ్లు వెనక్కి పోవాలి. 1823లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ మాకింటాష్ రబ్బరును నాఫ్తాలో కరిగించి రెండు బట్టల మధ్య పూసి పేటెంటు పొందాడు. వాన ఆగింది, చెమటా ఆగింది. మన దేశంలో సురేంద్ర మోహన్ బోస్ 1920లో స్థాపించిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ వారి డక్‌బ్యాక్ రెయిన్‌కోట్లు వేసుకుని బడికెళ్లిన తరానికి ఆ లోపలి ఉక్క, రబ్బరు వాసన ఇంకా గుర్తే. నడిచేవాడికి పర్వాలేదు, తొక్కేవాడికి నరకం. 1969లో బాబ్ గోర్ అమెరికాలో టెఫ్లాన్ కడ్డీని వేడిచేసి, మెల్లగా సాగదీస్తుంటే తెగిపోతోందని విసుగుతో ఒక్క గుంజు గుంజాడు. తెగలేదు, అనేక రెట్లు సాగింది. సాగిన పొరలో కంటికి కనిపించని కోట్ల రంధ్రాలు. ఒక్కో రంధ్రం నీటిబొట్టు కన్నా వేల రెట్లు చిన్నది, ఆవిరి అణువు కన్నా వందల రెట్లు పెద్దది. అదే గోర్‌టెక్స్. బొట్టు లోపలికి రాదు, ఆవిరి బయటికి పోతుంది.

ఒక మెలిక ఉంది. ఆ పొర మీద కప్పే పైబట్ట నీళ్లు తాగకూడదు. అందుకే దానికి నీటిని విదిల్చే పూత వేస్తారు, పొద్దున ముత్యాల్లా జారిన చినుకులు ఆ పూత చలవే. ఇప్పుడు చూడండి, భుజాల దగ్గర బట్ట ముదురు రంగుకి తిరిగింది, చినుకు నిలవకుండా ఇంకిపోతోంది. నీరు లోపలికి దిగలేదు. కానీ పైబట్ట తడిసి నీటిపొర కట్టింది కాబట్టి ఆవిరికి దారి మూసుకుపోయింది. జాకెట్ కారుతోందని చాలామంది తిట్టుకునేది ఈ దశలోనే. కారేది వాళ్ల చెమట. కుర్రాడు అంతా విని, “అంటే ఉతికితే సరిపోద్దా?” అన్నాడు. సగం సంగతి అదే. మట్టి, చెమట, నూనె పట్టినకొద్దీ పూత పడుకుంటుంది. మెత్తని లిక్విడ్ సబ్బుతో ఉతికి, ఆరాక తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే మళ్లీ కొంత లేస్తుంది. లేబుల్ ఇస్త్రీకి ఒప్పుకుంటేనే. పరిమళం కోసం వేసే కంఫర్ట్ లాంటి ద్రవాలు మాత్రం తగలకూడదు. పాత పూతల్లోని ఫ్లోరిన్ రసాయనాలు నేలలో, నీళ్లలో పోకుండా ఉండిపోతాయని ఇప్పుడు మానేస్తున్నారు. కొత్త పూతలు అంత గట్టివి కావు, తరచూ ఉతకాల్సిందే.

గాలికొండ దగ్గర ఎక్కుడు ముగుస్తుంది. పేరుకు తగ్గ చోటు. మలుపు తిరగగానే గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. తొక్కడం ఆపిన రెండు నిమిషాలకే వేళ్లు కొంకర్లు పోతున్నాయి, పళ్లు కొట్టుకుంటున్నాయి. కొలిమి ఆరిపోయింది. ఒళ్లంతా తడి, ముందు దిగుడు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో దిగితే ఆ గాలి తడిబట్టలోంచి వేడిని లాగేస్తుంది. జాకెట్ తొడగాల్సింది ఇక్కడ. ఇంతసేపు దాన్ని సంచిలో మోసింది ఈ దిగుడు కోసమే.

ఈసారి పల్చటిది తొడగండి. తడి జెర్సీ మీదే. జిప్పు పైదాకా, మణికట్టు పట్టీలు బిగించి. హుడ్ ఉంటే హెల్మెట్ కింద దూర్చకండి, తల తిప్పినప్పుడు పక్కనుంచి వచ్చే లారీ కనిపించదు. దానికన్నా ఎత్తు కాలర్ మేలు. బ్రేకులు ముందే కాస్త నొక్కి రిమ్ముల తడి తుడవండి. ఇప్పుడు వదలండి.

మొదటి మలుపు వరకూ చలి. రెండో మలుపుకి ఛాతీ మీద గాలి తగలడం లేదని తెలుస్తుంది. లోపల తడి ఉంది, అయినా వెచ్చబడింది. వెట్‌సూట్ వేసుకున్న ఈతగాడిలా మీరు మీ తడిలోనే వెచ్చగా ఉన్నారు. బట్ట టపటపా కొట్టుకోవడం లేదు, కొలత సరిగ్గా ఉంది కాబట్టి. వదులు జాకెట్ దిగుడులో తెరచాపలా ఉబ్బి పక్కకి లాగుతుంది. ఈ రెండు వేల చిల్లర జాకెట్ దిగుడులో ఆ పన్నెండు వేలదానికన్నా తక్కువేమీ చెయ్యడం లేదు. దిగేటప్పుడు చెమట లేదు, ఆవిరి గొడవ లేదు. కావలసింది గాలి ఆపడం, అరగంట సేపు చినుకు ఆపడం, అంతే.

సుంకరమెట్ట దగ్గరపడుతుంటే కొండల మధ్య మడులు పరుచుకుంటాయి. ఊడుపులు సాగుతున్నాయి. వంగి నాటుతున్న ఆడవాళ్ల వీపుల మీద గిడుగులు. వెదురు బద్దల అల్లికలో అడ్డాకులు పరిచి, తల నుంచి నడుము దాకా కప్పేలా కట్టినవి. కొందరి మీద నీలం పాలిథిన్ పట్టాలు. ఆగి చూడండి. గిడుగు ఒంటికి అంటుకోదు. పైనుంచి వాన రాదు, కిందినుంచి, పక్కలనుంచి గాలి ఆడుతూనే ఉంటుంది. రెండు చేతులూ ఖాళీ. గంటల తరబడి వంగి పనిచేసే ఒంటికి చెమట ఆరే దారి, వాన ఆగే కప్పు రెండూ ఉన్నాయి, ఏ పొరా పూతా లేకుండా. యూరప్‌లో సైకిలు తొక్కేవాళ్లు హ్యాండిల్ మీద దాకా పరుచుకునే కేప్‌దీ ఇదే సూత్రం. చదును నేల మీద, నెమ్మదిగా తొక్కేవాడికి కేప్ అంత సుఖం ఇంకోటి లేదు. గాలికొండ మలుపులో మాత్రం కేప్‌నీ, గిడుగునీ గాలి ఎగరేసుకుపోతుంది, మనతో సహా.

కానీ గిడుగు చూశాక షాపులో ఏం వెతకాలో తేలికైంది. చంకల కింద జిప్పులున్నాయా? వీపు మీద గాలి పోయే మూత ఉందా? జిప్పు కిందినుంచి కూడా తెరుచుకుంటుందా? లేబుల్ మీది గ్రాముల కన్నా ఈ కంతలే మన వానలో ఎక్కువ చెమట బయటికి పంపుతాయి.

అరకు సెంటర్‌లో ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు తాడుకి వేలాడదీసి అమ్ముతున్నారు, వంద, రెండు వందలు. నీరు ఒక్క చుక్క దిగదు. దిగుడు ఒక్కదానికే అయితే అదీ పనికొస్తుంది. కాకపోతే గాలికి చిరిగి చక్రంలో పడితే ప్రమాదం.

మరి ఆ పన్నెండు వేలది ఎవరికి? రాత్రంతా ఆగకుండా తొక్కేవాళ్లకి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 నలభై గంటల్లో పూర్తిచేసే బ్రెవే (గడువున్న దూరపు సైకిల్ యాత్ర) రైడర్లకి. పారిస్–బ్రెస్ట్–పారిస్ 1,200 కిలోమీటర్ల యాత్ర 2007లో వానల్లో సాగితే, బయలుదేరినవాళ్లలో దాదాపు మూడో వంతు మంది గడువులో ముగించలేకపోయారు. అంత దూరంలో, అంత చలిలో, అలిసిన ఒంటికి మంచి జాకెట్ ప్రాణం కాపాడుతుంది. ఆదివారం అరకు వచ్చి మధ్యాహ్నానికి వేడి అన్నం తినేవాళ్లకి అక్కర్లేదు.

ఖరీదైనది వద్దనడానికి సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇంకో కారణమూ ఉంది. చాలా జాకెట్ల లోపలి పొర పాలియురెథేన్. వేడి, తేమ కలిస్తే అది మెల్లగా విచ్చిపోతుంది. విశాఖ ఇంట్లో బీరువా అడుగున మడతపెట్టి రెండు మూడు వానాకాలాలు వదిలేస్తే, తీసేసరికి లోపల జిగట, పొక్కులు, ఊడివచ్చే చిప్పలు. వేసుకోకుండానే చచ్చిపోయిన జాకెట్లు ఇలాంటివి. కొన్నదాన్ని మడవకుండా హ్యాంగర్‌కి తగిలించి, గాలి ఆడే చోట ఉంచండి. తడిది మాత్రం సంచిలో ఒక్క రాత్రి కూడా వద్దు.

ఇప్పుడు ఆ రెండింటినీ లాడ్జి వరండా తాడు మీద వెయ్యండి. మిత్రుడిది ఉతికి ఇచ్చేద్దాం. పల్చటిది రేపటికి ఆరుతుంది. అదే రోడ్డు మీద మళ్లీ గాలికొండ దాకా ఎక్కాలి, అక్కణ్ణుంచి బొడ్డవర దాకా అంతా దిగుడే.